మడుచుకున్న చాకు

రైలు కదిలింది!

స్నేహలత ఇంకా మెట్ల మీదే ఉంది.

తెనాలి స్టేషన్. అప్పుడప్పుడే చీకటి చిక్కబడుతోంది. రేపల్లె ప్యాసింజర్ చివరి పెట్టె ప్లాట్‌ఫారం మీంచి జారిపోతోంది...

పరుగు!

ఒక కాలి చెప్పు ఊడింది. వదిలేసింది.

"ఓయమ్మో! ఆగమ్మాయ్! పడతావ్!" వేరుశనక్కాయలమ్మే ముసలాయన కేకేశాడు.

ఆగలేదు. ఒక చేత్తో కడ్డీ అందుకుంది. రెండో చేతిలో సంచి. సంచిలో పాలసీసా ఉంది. దాని పక్కనే చాకు ఉంది.

ఎవరో రెక్క పట్టుకుని లోపలికి లాగారు.

"ప్రాణం మీద తీపి లేదా తల్లీ?" అంది ఖాళీ చేపలబుట్ట పక్కన కూర్చున్న ఆవిడ.

స్నేహలత ఆయాసపడుతూ పెట్టెంతా వెతికింది.

నీలం చొక్కా... ఎక్కడ?

అడుగో!

అవతలి తలుపు దగ్గర. వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. కుడిచెయ్యి జేబులో ఉంది.

ఆ చెయ్యి...

ఆ చెయ్యి కోసమే ఆమె ఏడాదిగా బతుకుతోంది.

ఫోను మోగింది. వినోద్ కుమార్. ఉలిక్కిపడి తీసింది.

"దొరికాడా చెల్లెమ్మా?"

"రేపల్లె రైల్లోనే ఉన్నాడన్నయ్యా. నా ఎదురుగానే. పాప ఏం చేస్తోంది?"

"చంటి నిద్రపోయింది. నువ్వు వాణ్ణి వదలకు."

"పాలసీసా నా సంచిలోనే ఉండిపోయిందన్నయ్యా... లేస్తే ఏడుస్తుంది. పొద్దున ఒళ్ళు కొంచెం వెచ్చగా కూడా ఉంది..."

"ఇక్కడ పాలు లేవా ఏంటి? నేను చూసుకుంటానన్నాగా! పోలీసులకి గానీ చెప్పావా?"

"లేదు."

"చెప్పకు! ఏడాదిగా వాళ్ళేం పీకారు? రేపు వీడు బెయిలు మీద బయటికొచ్చి నీ ముందే టీ తాగుతాడు." గొంతు తగ్గించాడు. "వాడికి ఊపిరి ఉండకూడదు చెల్లెమ్మా. శాలేము నెత్తురు అడుగుతోంది."

ఫోను పెట్టేసింది. సంచిలో చెయ్యి పెట్టింది. చాకు చల్లగా తగిలింది.

అవును. అడుగుతోంది!

* * *

శాలేమురాజు ఆమె భర్త. పాత చాకులమ్మేవాడు.

సూర్యలంక బీచ్ రోడ్డులో ఒక బల్ల. పైన టార్పాలిన్. బల్ల మీద తెల్లగుడ్డ. గుడ్డ నిండా క్యాంపింగ్ చాకులు. అరచేతిలో ఇమిడిపోయే మడత చాకులు. విప్పితే ఒక పక్క బ్లేడు, ఒక పక్క చెంచా, డబ్బామూత తీసే కొక్కెం. ఏనాటివో. ఏ దొరలో, ఏ స్కౌటు మాస్టర్లో వాడి పారేసినవి. చెన్నై పాత సామాన్ల బజారు నుంచి గోనెసంచిలో మోసుకొచ్చేవాడు. కిరసనాయిల్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమి, కీలులో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసేవాడు.

తక్కువకే ఇచ్చేవాడు. అంగలకుదురు నుంచి శని, ఆదివారాలు వెళ్ళి అమ్ముకొచ్చేవాడు.

"చవకంటే నాసిరకం కాదే స్నేహా! విను..." అంటూ చాకు మూసేవాడు.

టక్!

"విన్నావా? వెన్ను స్ప్రింగు బతికుందన్నమాట. చప్పుడు లేకుండా మెత్తగా మూసుకుందనుకో... అది చచ్చిన చాకు. పిల్లలున్న ఇంట్లో దాన్ని ఉంచకూడదు."

పోయిన క్రిస్మస్ ముందు, సూర్యలంక సరుగుడు తోటలో... శవమై దొరికాడు.

ఛాతీలో పోట్లు. పక్కన ఇసుకలో ఒక చాకు. మడుచుకుని ఉంది. మడత లోపల కూడా నెత్తురు.

"తాగి కొట్టుకుని ఉంటార్లే," అన్నారెవరో పోలీస్ స్టేషన్లో.

తాగి! సండే స్కూలు పిల్లలకి పాటలు నేర్పే మనిషి!

పాస్టరుగారు క్షమించమని ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. స్నేహలత అనలేదు.

ఆమెకి ఒకటే తెలుసు. మడత చాకు కొయ్యడానికి. పొడవడానికి కాదు. పొడిస్తే ఎముక తగిలి బ్లేడు ఎదురుతన్నుతుంది. మడుచుకుంటుంది. మడుచుకుంటే, పట్టుకున్నవాడి వేళ్ళే తెగుతాయి!

అంటే... చంపినవాడి చేతి మీద గాటు ఉంటుంది. చచ్చేదాకా ఉంటుంది.

పిల్లను చంకనేసుకుని తనే బల్ల తెరిచింది.

కత్తి ఎప్పుడూ చేతికివ్వకూడదు. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. లేకపోతే తగువులొస్తాయి. ఎవరినడిగినా చెప్తారు. స్నేహలత మాత్రం చేతికే ఇచ్చేది.

"అదేంటమ్మా, చేతికిస్తావ్? తగువొస్తుంది!"

"రానీండి అండీ," అనేది నవ్వుతూ.

చాకు అందుకోవాలంటే అరచెయ్యి చాపాలి. అందరూ చాకులు చూసేవాళ్ళు. ఆమె అరచేతులు చూసేది. గుంటూరు కుర్రాళ్ళవి, బ్యాంకు ఉద్యోగస్తులవి, వల లాగే చేతులు, కలం తప్ప పట్టని చేతులు...

ఇవాళ మధ్యాహ్నం, నీలం చొక్కా!

చెయ్యి చాపాడు. నాలుగు వేళ్ళకీ లోపలివైపు అడ్డంగా... ఒకటే గీత. తెల్లటి మచ్చ. రెండు వేళ్ళు ముడుచుకోవడమే లేదు.



"మీరు... శాలేమన్న భార్యా?" అన్నాడు వాడు మెల్లగా.

అంతలో తలెత్తి జనంలోకి చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. చాకు కింద పడేశాడు. పరుగు! బాపట్ల వెళ్ళే ఆటోలోకి దూకాడు.

"వాడే! వాడే చెల్లెమ్మా! నేనూ చూశాను ఆ చెయ్యి!"

వెనకాల వినోద్ కుమార్ నిలబడి ఉన్నాడు. బీచ్‌లో టెంట్ల క్యాంపు ఆయనదే. శాలేము పోయిన రోజు నుంచీ అన్నీ ఆయనే. శవపెట్టె ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. బల్లకి చోటు ఊరికే ఇచ్చాడు. చంటి ఆయన్ని మావయ్యా అంటుంది.

"పాపని ఇలా ఇయ్యి! చాకు తీసుకో! పరిగెత్తు!"

పరిగెత్తింది. బాపట్లలో రైలెక్కింది. తెనాలిలో దిగింది. వాడు రేపల్లె బండెక్కాడు. ఆమె కూడా...

* * *

వేమూరు దాటింది. భట్టిప్రోలు దాటింది.

నీలం చొక్కా ఒక్కసారి కూడా కూర్చోలేదు. స్టేషను రాగానే బయటికి తొంగిచూస్తున్నాడు. ఎవరైనా వస్తున్నారా అన్నట్టు. స్నేహలత చేపలబుట్టావిడ వెనక కొంగు కప్పుకుని కూర్చుంది.

"నీ వెనక ఎవరన్నా పడ్డారా అమ్మాయ్?" అందావిడ గుసగుసగా.

"లేదమ్మా. నేనే పడ్డాను."

ఆవిడ బుట్టని ఆమెకి అడ్డంగా జరిపింది.

రేపల్లె! ఆఖరు స్టేషన్.

దూకాడు. జనం మధ్యలోంచి బాణంలా పోయాడు. బయట ఆటో ఎక్కాడు.

స్నేహలత వెనక ఆటోలో పడింది.

"అన్నా! ముందు ఆటోని వదలొద్దు!"

డ్రైవరు అద్దంలో చూశాడు. ఒక కాలికి చెప్పులేదు. జుట్టు రేగిపోయి ఉంది. పళ్ళికిలించాడు.

"ఏంటి చెల్లెమ్మా, మీ ఆయనా? ఇంకోదాని దగ్గరికా?"

"తొందరగా పోనీ అన్నా!"

"నువ్వేం దిగులుపడకు. మా బావ కూడా ఇంతే. మా అక్క ఇలాగే ఆటోలో పోయి చీపురుతో బాదింది. ఇప్పుడు ఎద్దులా చెప్పిన మాట వింటాడు. చీపురు తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నా."

సంచిని గట్టిగా హత్తుకుంది.

ఊరు దాటింది. దీపాలు తగ్గాయి. రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు. నీళ్ళని చిలుకుతున్న ఏరియేటర్ల హోరు... జరజరజరజర...

ముందు ఆటో ఆగింది. నీలం చొక్కా దిగి గట్టు మీద నడిచాడు. చివర్లో రేకుల షెడ్డు. కాపలావాడి షెడ్డు.

"ఇక్కడాపు. నువ్వెళ్ళిపో."

"చీపురుతో ఆగమ్మా! ఎక్కువ కొట్టకు!" ఆటో తిరిగిపోయింది.

స్నేహలత రెండో చెప్పు కూడా విడిచేసింది.

చాకు బయటికి తీసింది. శాలేము ఎవరికీ అమ్మకుండా దాచుకున్న చాకు. దుప్పికొమ్ము పిడి. గోటితో బ్లేడు లేపింది...

టక్!

షెడ్డు తలుపు తన్నింది!

వాడు వెనక్కి తిరిగేలోపే మీద పడింది. మేత బస్తాల మీద ఇద్దరూ కూలారు. మోకాలు వాడి ఛాతీ మీద. చాకు అంచు గొంతు మీద.

"కదిలావో తెగుద్ది!"

"వదినా!"

"వదినా అనకు! నా మొగుణ్ణి చంపి వదినా అంటావా? ఏం చేశాడ్రా నీకు? ఏం చేశాడు! ఏడాది పిల్లరా నా పిల్ల అప్పటికి! నాన్న ఏడీ అంటే బీచికెళ్ళాడని చెప్తన్నా ఇప్పటికీ!"

"నేను కాదు వదినా! దేవుడి తోడు! నా పేరు ఎబినేజర్. క్యాంపులో వంట చేసేవాణ్ణి. శాలేమన్న నాకు..."

"ఈ చెయ్యి అబద్ధమా?" వాడి మణికట్టు పట్టి మెలిపెట్టింది. "ఈ గాటు అబద్ధమా? పొడిచింది ఈ చెయ్యేగా!"

"పట్టుకుంది ఈ చెయ్యి!" ఎబినేజర్ అరిచాడు. "పొడిచేవాడి బ్లేడు పట్టుకుంది ఈ చెయ్యి! లాక్కున్నాడు! తెగింది!"

"అబద్ధం! మడుచుకుని తెగింది!"

"మడుచుకుంటే లోపలెందుకు తెగుద్ది వదినా? నీ చేతిలోనే చాకుంది. నువ్వే మడిచి చూసుకో!"

ఆగింది.

చాకు గొంతు మీంచి తియ్యలేదు. తీయాలనిపించలేదు. కానీ చూపు మాత్రం తన పిడికిలి మీద పడింది.

పిడి చుట్టూ వేళ్ళు. బ్లేడు దిగాల్సిన గాడి ముందువైపు ఉంది. గాడి మీద వేళ్ళు మూసుకుని ఉన్నాయి. బ్లేడు పైనుంచి మడుచుకుంటే...

లేచి నిలబడింది. మేత బస్తా మీద చాకు మొన ఆనించి, మెల్లగా నొక్కింది.

స్ప్రింగు బిగబట్టింది. ఇంకొంచెం నొక్కింది. బ్లేడు వంగింది. వంగి... అంచు వచ్చి ఆమె చూపుడువేలి మీద ఆనింది.

లోపల కాదు.

పైన! కణుపు మీద!

"ఓరి దేవుడా..."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కత్తిపీట ముందు కూర్చున్న చెయ్యి ఆమెది. కత్తిపీట మీద వంకాయ తరిగినా, చేప కోసినా తెగేది వేళ్ళ లోపలివైపే. కత్తి గాటంటే అక్కడే ఉంటుందనుకుంది. ఏడాదంతా అరచేతులే చూసింది. ఒక్కరి చెయ్యీ తిప్పి చూడలేదు!

"పొడిచినవాడికి చూపుడువేలు తెగింది వదినా. పైన. ఎముక కనపడేదాకా. నేను కళ్ళారా చూశా."

చూపుడువేలు...

సమాధుల దొడ్డి. శాలేము పెట్టె మీద మట్టి వేస్తున్నారు. ఒక మనిషి ఎడంచేత్తో వేశాడు. కుడిచేతి చూపుడువేలికి తెల్లటి కట్టు. "బొండాం కొడుతుంటే కత్తి జారింది చెల్లెమ్మా," అన్నాడు. ఆమె, అంత ఏడుపులోనూ, "జాగ్రత్త అన్నయ్యా," అంది.

జాగ్రత్త అన్నయ్యా అంది!

"వినోద్..." అంది.

"ఆయనే. కొత్త రేకు చాకులు చేయించి, చింతపండు నీళ్ళల్లో నానేసి తుప్పు పట్టించేవాడు. పాతకాలంవి అని క్యాంపుకొచ్చినోళ్ళకి అంటగట్టేవాడు. ఓ కాలేజీ పిల్లాడు దాంతో కొబ్బరికాయ పొడిచాడు. బ్లేడు విరిగి కంట్లోకెళ్ళింది. కన్ను పోయింది వదినా. శాలేమన్న ఊరుకోలా. కోర్టులో నేను చెప్తా, ఇది చచ్చిన చాకని చూపిస్తా అన్నాడు. ఆ రాత్రే..."

"మరి నువ్వు ఏడాది ఏం చేశావురా!"

"చాకు మీద నా నెత్తురు కూడా ఉంది. నోరు తెరిస్తే నువ్వే చంపావని నిరూపిస్తానన్నాడు. మా అమ్మే నమ్మింది, నేనే చేశానని. ఇంకెవరు నమ్ముతారు? ఇక్కడ చెరువుల మీద కాపలాకి చేరిపోయా." ఎబినేజర్ తల దించుకున్నాడు. "మొన్న నాకు ఆడపిల్ల పుట్టింది. ఎత్తుకోబోతే వేళ్ళు ముడవలా. జారిపోబోయింది. అప్పుడనుకున్నా, మీకు చెప్పెయ్యాలని. వచ్చా. మీ వెనకాల ఆయన నిలబడి ఉన్నాడు..."

ఆమె వెనకాల.

వాడి భుజాన ఇప్పుడు చంటి.

పాపని ఇలా ఇయ్యి. చాకు తీసుకో. పరిగెత్తు...



"నా పిల్ల!" అంది. "నా పిల్ల వాడి దగ్గరే ఉంది!"

ఫోను మోగింది.

వినోద్ కుమార్.

ఇద్దరూ దాని వంక చూశారు. మోగుతోంది. మోగుతూనే ఉంది...

స్నేహలత కళ్ళు తుడుచుకుంది. చాకు కొస పెదవి మీద పెట్టుకుని, ఎబినేజర్‌కి మాట్లాడొద్దని సైగ చేసింది. ఫోను తీసింది.

"అన్నయ్యా."

"ఏమైంది చెల్లెమ్మా?"

"అయిపోయింది."

అటు ఊపిరి వినపడింది. పొడుగ్గా.

"బాగా చూశావా? కదలట్లేదా?"

"లేదన్నయ్యా. కళ్ళు తెరిచే ఉన్నాయి. నాకు భయమేస్తోంది." ఆ ఒక్కమాట అబద్ధం కాదు.

"చాకేది?"

"చేతిలోనే ఉంది."

"పారెయ్యకు! కడగొద్దు! అలాగే పట్టుకునుండు. నేనొస్తున్నా. పాపని తెస్తున్నా."

వెనకాల కారు హారన్. ఆ వెనక... చంటి ఏడుపు!

"ఎక్కడున్నావన్నయ్యా?"

"చెరుకుపల్లి దాటా."

అయిపోయిందని ఆమె చెప్పకముందే బయల్దేరాడు. ఇంతదూరం వచ్చేశాడు!

గుర్తులు చెప్పింది. రేకుల షెడ్డు. రొయ్యల చెరువు. గట్టు.

"పోలీసులకి ఫోన్ చేద్దాం వదినా!" అన్నాడు ఎబినేజర్.

"చేస్తే? జీపు చూసి వాడు వెనక్కి తిప్పితే? పాపతో ఎక్కడికి పోతాడో!" తల అడ్డంగా ఊపింది. "ముందు నా పిల్ల నా చేతిలోకి రావాలి. తర్వాతే ఏదైనా."

"మరిప్పుడేం చేద్దాం?"

"నువ్వు చచ్చిపో తమ్ముడూ."

ఎబినేజర్ బిత్తరపోయాడు. తర్వాత అర్థమైంది. మూలనున్న డబ్బా అందుకున్నాడు. చెరువుకి చల్లే అయోడిన్ మందు. నీలం చొక్కా మీద గుమ్మరించుకున్నాడు. ముదురెరుపు. గట్టు మీద బోర్లా పడుకున్నాడు.

"ఊపిరి బిగబట్టు. పాప నా చేతికొచ్చేదాకా లేవకు. ఏం విన్నా సరే!"

ఏరియేటర్ల హోరు...

దూరంగా రెండు లైట్లు.

* * *

కారు గట్టు మొదట్లో ఆగింది. వినోద్ కుమార్ దిగాడు. భుజం మీద చంటి. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది.

"అమ్మా..."

ఆ పిలుపుకి స్నేహలత ముందుకి ఉరకబోయింది. కదల్లేదు. చాకు చేతిలో అలాగే ఉంది.

వినోద్ ఫోను లైటు వేశాడు. బోర్లా పడున్న మనిషి. ఎర్రటి వీపు. లైటు అక్కడే ఆగింది...

దగ్గరికి నడిచాడు. బూటుతో పక్కటెముకల మీద తన్నాడు.

ఎబినేజర్ కదల్లేదు.

ఇంకోసారి. గట్టిగా!

కదల్లేదు.

"శభాష్," అన్నాడు వినోద్.

"పాపనియ్యన్నయ్యా."

"ఆగు."

"ఒక్కసారి! పోలీసులొస్తే మళ్ళీ ఎప్పుడెత్తుకుంటానో... నీ కాళ్ళు పట్టుకుంటా!"

నిజంగానే వంగింది. వినోద్ నవ్వాడు. జాలిగా.

"సర్లే, ఎత్తుకో. బాగా ముద్దు పెట్టుకో. వాళ్ళు వచ్చేస్తుంటారు."

"ఎవరు?"

"పోలీసులు. నేనే ఫోన్ చేశా. మా చెల్లెలు పిచ్చిదైపోయింది, ఎవరినో పొడిచేసింది, తొందరగా రండి సార్ అని." చంటిని ఆమె చేతుల్లో పెట్టాడు. "నువ్వు బెంగపడకు. పిల్లని నేను పెంచుతా. బాగా చదివిస్తా."

చంటి మెడని కరుచుకుంది. చిన్న చేతులు. వెచ్చటి ఒళ్ళు. జ్వరం తగ్గలేదు.

వచ్చేసింది. నా పిల్ల నా దగ్గరికి వచ్చేసింది.

స్నేహలత వెనక్కి నడిచింది. అడుగులో అడుగు. వీపుకి కరెంటు స్తంభం తగిలింది. దానికి బిగించిన ఇనప డబ్బా భుజానికి ఒత్తుకుంది.

"అన్నయ్యా, నీ కుడిచెయ్యి చూపించు."

"ఏంటి?"

"అరచెయ్యి కాదు. తిప్పు."

వినోద్ మొహం మీద నవ్వు అలాగే ఉంది. కళ్ళల్లో మాత్రం ఆరిపోయింది.

"వాగాడా చచ్చేముందు?" చూపుడువేలు పైకెత్తి చూసుకున్నాడు. కణుపు మీద వంకర మచ్చ. "ఎన్నిసార్లు చెప్పా మీ ఆయనకి! చవక సరుకురా, చూసీచూడనట్టు పోరా అని! వింటేగా! స్ప్రింగట! చప్పుడట! క్యాంపు మూయించేసేవాడు." ఉమ్మేశాడు. "నా ఖర్మ ఏంటంటే, చేతికి నా సరుకే దొరికింది. రెండో పోటుకే మడుచుకుంది వెధవది!"

"కన్ను పోయిన పిల్లాడి సంగతి?"

"వాడి తలరాత. ఇప్పుడు నీ తలరాత చూసుకో. శవం ఉంది. చాకు నీ చేతిలో ఉంది. చచ్చినోడి సాక్ష్యం ఎవడు వింటాడు?"

"ఇంకోసారి చెప్పండి సార్. మోటార్ల చప్పుడుకి సరిగ్గా వినపళ్ళా!"

వినోద్ గిర్రున తిరిగాడు.

శవం లేచి నిలబడి ఉంది!

"నువ్వు..."

గావుకేక పెట్టాడు. కారు వైపు ఉరికాడు. ఎబినేజర్ అడ్డం పడ్డాడు. వినోద్ వెనక్కి తిరిగాడు. గట్టు సన్నం. బంకమట్టి తడిసి నూనెలా ఉంది. బూటు జారింది...

దబ్!

చెరువులో పడ్డాడు. ఛాతీ లోతు. చీకట్లో నురగ. ఏరియేటరు రెక్కలు మొహం మీద నీళ్ళు చరుస్తున్నాయి. ఉక్కిరిబిక్కిరైపోతూ చేతులు ఆడించాడు. ఏదో దొరికింది. తాడనుకున్నాడు. పట్టుకుని పైకి లాక్కున్నాడు.

తాడు కాదు.

కేబుల్!

టేపు చుట్టిన అతుకు దగ్గర పిడికిలి బిగుసుకుపోయింది. ఒళ్ళంతా కొయ్యబారింది. నోరు తెరుచుకుంది. అరుపు రాలేదు. గ్...గ్...గ్... అంతే.

"కరెంటు! మెయిన్ ఆపు వదినా! నీ వెనకాలే! ఆ డబ్బాలోనే!"

స్నేహలత చంటి మొహాన్ని తన మెడలోకి తిప్పుకుంది. చిన్న తలని అరచేత్తో కప్పింది.

కదల్లేదు.

"వదినా!"

ఎబినేజర్ ఆమె వైపు పరిగెత్తబోయాడు. ఆమె చూసింది. అరవలేదు. చాకు ఎత్తలేదు. ఊరికే చూసింది.

ఎబినేజర్ ఆగిపోయాడు.

తన కుడిచెయ్యి చూసుకున్నాడు. ముడవని రెండు వేళ్ళు.

మెల్లగా గట్టు మీద కూలబడ్డాడు. చెరువు వైపు వీపు తిప్పుకున్నాడు.

సైరన్!

జీపు కారు వెనక సర్రున ఆగింది. బూట్లు. టార్చిలైట్లు. ఎస్సై గట్టు మీద పరిగెత్తుకొచ్చాడు. ఎర్రటి చొక్కాతో కూర్చున్న మనిషిని చూశాడు. నీళ్ళలో గింజుకుంటున్న మనిషిని చూశాడు.

"ఏయ్! ఎవడ్రా అది? కరెంటు పట్టేసింది! మెయిన్ ఎక్కడ? మెయిన్ ఎక్కడ్రా!"

ఎబినేజర్ తలెత్తలేదు.

టార్చి వెలుగు గిరగిరా తిరిగింది. షెడ్డు. మేత బస్తాలు. గట్టు... చివరికి స్తంభానికి ఆనుకుని నిలబడ్డ స్నేహలత మొహం మీద ఆగింది. వట్టి కాళ్ళు. చెదిరిన జుట్టు. భుజం మీద నిద్రలోకి జారుకుంటున్న పసిపిల్ల.

"అమ్మా! మనిషి చచ్చిపోతున్నాడు! స్విచ్ ఎక్కడుందో చెప్పమ్మా, తొందరగా!"

స్నేహలత పిల్లని సర్దుకుంది. వీపుని ఇంకాస్త వెనక్కి ఒత్తింది. ఆమె భుజం కింద ఇనప డబ్బా సన్నగా గుర్రుమంటోంది.

"మాది అంగలకుదురండి," అంది. "చెరువుల సంగతి నాకేం తెలుసండీ?"